వంటింటి గొట్టంలోకి ఉదజని

మా ఇంట్లో సిలిండర్ పోయి పైపు గ్యాసు వచ్చి రెండేళ్లు దాటింది. "గ్యాసయిపోయింది, బుక్ చెయ్యండి" అనే కేక ఇప్పుడు వినిపించదు. దాని బదులు బిల్లు వస్తుంది. అమ్మ ఆ బిల్లును కరెంటు బిల్లు కన్నా శ్రద్ధగా చదువుతుంది. మొన్న టీవీలో పైపు గ్యాసులో హైడ్రోజన్ కలుపుతారన్న మాట ఏదో వినబడింది. అంతే, చేతిలో బిల్లు పట్టుకునే నన్ను పిలిచింది.

"ఏమే, కెమిస్ట్రీ చదువుతున్నావు కదా, హైడ్రోజన్ అంటే పేలేదే కదా? దాన్ని వంటింట్లోకి ఎట్లా పంపిస్తారు?"

నేను నోరు తెరిచేలోపే రెండో ప్రశ్న. "కలిపితే బిల్లు తగ్గుతుందా, పెరుగుతుందా?"

మొదటి ప్రశ్నే కష్టమైందనుకున్నాను. నాలుగు రోజులు లైబ్రరీలో కూర్చున్నాక తెలిసింది, అసలు చిక్కు రెండోదాంట్లో ఉందని. గోడ దగ్గర నిలబడి చదువుతున్నారు కాబట్టి లెక్కలు వీలైనంత తక్కువే పెడతాను. కానీ ఒక్క లెక్క మాత్రం తప్పదు. అది లేకపోతే ఈ వ్యాసమే అక్కర్లేదు.

ఇది తెలుగు శాఖ పత్రిక కాబట్టి ముందు మాట సంగతి చూద్దాం. హైడ్రోజన్‌కు మనకు ఉదజని అనే పేరుంది. ఆక్సిజన్ ఆమ్లజని, నైట్రోజన్ నత్రజని. వీటిలో నత్రజని ఒక్కటే యూరియా పుణ్యమా అని రైతుల నోట్లో ఇంకా బతికుంది, మిగతా రెండూ పాత పుస్తకాల్లో ఉండిపోయాయి. ఉద అంటే నీరు. "నీటిని పుట్టించేది" అన్న గ్రీకు అర్థాన్నే మనవాళ్లు సంస్కృతపు ముక్కలతో కట్టారు. నాకు నచ్చిందేమిటంటే, ఉదజని అన్నప్పుడు నీటిని పుట్టించేది అని చెప్పుకోవచ్చు, నీటి నుంచి పుట్టేది అనీ చెప్పుకోవచ్చు. వ్యాకరణం మాట మేడమ్‌నే అడగాలి గానీ, కెమిస్ట్రీలో మాత్రం రెండూ నిజమే. ఉదజనిని కాలిస్తే నీటి ఆవిరి వస్తుంది. నీటిలోకి కరెంటు పంపితే ఉదజని వస్తుంది.

మన పైపుల్లో వచ్చేది సహజవాయువు, అందులో ఎక్కువ భాగం మీథేన్. మీథేన్‌లో కార్బన్ ఉంటుంది. కాబట్టి అది కాలినప్పుడు నీటి ఆవిరితోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. ఉదజనిలో కార్బన్ లేదు. అందుకే గొట్టంలో మీథేన్ కొంత తగ్గించి ఆ చోటు ఉదజనికిస్తే పొయ్యి దగ్గర వెలువడే కార్బన్ అంతమేర తగ్గుతుందని ఆలోచన. ఆ ఉదజనిని సౌర విద్యుత్తుతోనో పవన విద్యుత్తుతోనో తీస్తే దాన్ని పునరుత్పాదక హైడ్రోజన్ అంటారు, పేపర్లలో గ్రీన్ హైడ్రోజన్ అని రాస్తారు. ఒక కిలో తీయడానికి దాదాపు 9 లీటర్ల నీరు విడిపోవాలి. యంత్రాన్ని బట్టి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

మన దేశంలో ఈ పని జరిగిన చోటు సూరత్ పక్కన ఉంది. సూరత్ అనగానే మనకు చీరలు, కాస్త తెలిసినవాళ్లకు అక్కడి మగ్గాల మీద పనికి వెళ్లి స్థిరపడ్డ తెలంగాణ పద్మశాలీలు గుర్తొస్తారు. ఆ ఊరి దగ్గర కవాస్‌లో ఎన్‌టీపీసీకి గ్యాసుతో నడిచే విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడి నీటి మీద తేలే సౌర ఫలకాలు ఒక మెగావాట్‌వి ఉన్నాయి. వాటి కరెంటుతో ఉదజని తీసి, ఉద్యోగుల టౌన్‌షిప్ ఆదిత్యనగర్ ఇళ్లకు వెళ్లే పైపు గ్యాసులో కలపడం 2023 జనవరిలో మొదలుపెట్టారు. గుజరాత్ గ్యాస్ సంస్థ ఇందులో భాగస్వామి. పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి మొదట 5 శాతానికి అనుమతిచ్చింది, తర్వాత 8 శాతానికి వెళ్లారు. దాన్ని 20 దాకా పెంచాలన్నది ఆశయం. అంతకు ఏడాది ముందు, 2022 జనవరిలో, గెయిల్ సంస్థ ఇండోర్ నగర గ్యాసులో కలిపి చూసింది. అయితే అది సౌరశక్తితో తీసిన ఉదజని కాదు.

బయటి దేశాల్లో అందరూ చెప్పుకునేది ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయం. ఆ క్యాంపస్‌కు సొంత గ్యాసు గొట్టాల వ్యవస్థ ఉంది. 2019 చివరి నుంచి 2021 వసంతం దాకా వంద ఇళ్లకూ, ముప్పై విశ్వవిద్యాలయ భవనాలకూ 20 శాతం ఉదజని కలిపిన గ్యాసు ఇచ్చారు. ఆ దేశపు నిబంధనల ప్రకారం గొట్టంలో ఉదజని 0.1 శాతం మించకూడదు. అందుకని ప్రత్యేక మినహాయింపు తీసుకోవాల్సి వచ్చింది. ఇంటింటికీ వెళ్లి పొయ్యిలు, బాయిలర్లు పరీక్షించాకే కలిపారు. ఆ తర్వాత గేట్స్‌హెడ్ దగ్గర విన్‌లేటన్ అనే ఊళ్లో 668 ఇళ్లకు, ఒక చర్చికి, ఒక ప్రాథమిక పాఠశాలకు అదే 20 శాతం. ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరపు అంచున టాన్స్‌లీలో 2021 మే నుంచి 5 శాతం కలిపి, పక్కనున్న మిచెల్ పార్క్‌లో ఏడు వందలకు పైగా ఇళ్లకు పంపారు.

ఇవన్నీ కొత్త అనుకుంటాం గానీ, నిజానికి గొట్టంలో ఉదజని చాలా పాత సంగతి. సహజవాయువు దొరక్కముందు నగరాల్లో బొగ్గును గాలి లేకుండా కాల్చి గ్యాసు తీసేవాళ్లు. దాంట్లో దాదాపు సగం ఉదజనే! బొంబాయి వీధుల్లో 1865లో వెలిగిన గ్యాసు దీపాలు బొగ్గు గ్యాసువే. బ్రిటన్‌లో చాలా ఇళ్లు అదే గ్యాసుతో వండుకున్నాయి. 1967 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ తిరిగి పొయ్యిల బర్నర్లు మార్చి సహజవాయువుకు మారారు. హాంకాంగ్‌లో ఇప్పటికీ వంటింటికి వచ్చే గ్యాసులో సుమారు సగం ఉదజని ఉంది, అక్కడి పొయ్యిలు దానికోసమే చేసినవి. కాబట్టి "హైడ్రోజన్ వంటింట్లోకా!" అని గుండె మీద చెయ్యి వేసుకోనక్కర్లేదు. ఏ గ్యాసుకు చేసిన పొయ్యిలో ఏ గ్యాసు మండిస్తున్నామన్నదే ప్రశ్న.

ఇక తప్పని లెక్క. 20 శాతం అన్నప్పుడు అది దేంట్లో 20 శాతం? ఘనపరిమాణంలో, అంటే చోటులో. బరువులో కాదు, వేడిలో కాదు. బరువులో చూస్తే ఉదజని మొనగాడే. కిలోకు 120 మెగాజౌళ్ల వేడి, మీథేన్ కిలోకు 50 మాత్రమే. కానీ ఉదజని ఎంత తేలికంటే, ఒక ఘనపు మీటరు మీథేన్ 700 గ్రాములు పైచిలుకు తూగితే, అంతే చోటులో ఉదజని 90 గ్రాములు. అందుకని ఘనపు మీటరుకు మీథేన్ సుమారు 36 మెగాజౌళ్లు ఇస్తుంది, ఉదజని 10.8 ఇస్తుంది. మూడో వంతు కూడా లేదు.

ఇప్పుడు వంద ఘనపు మీటర్ల గ్యాసు తీసుకోండి. అంతా మీథేనే అయితే 3,600 మెగాజౌళ్లు. అందులో 20 శాతం ఉదజని అయితే, 80 ఘనపు మీటర్ల మీథేన్ 2,880, 20 ఘనపు మీటర్ల ఉదజని 216, కలిపి 3,096. అంటే వేడిలో ఉదజని వాటా 7 శాతమే! గొట్టంలో అయిదో వంతు చోటు ఆక్రమించి, వేడిలో పధ్నాలుగో వంతు ఇస్తుంది. తగ్గే కార్బన్ కూడా ఆ 7 శాతమే, 20 కాదు. కవాస్ 8 శాతానికి ఇదే లెక్క వేస్తే వేడిలో వాటా 2.5 శాతం దగ్గర తేలుతుంది. పేపర్లో "20 శాతం గ్రీన్ హైడ్రోజన్" అని చదివి, అయిదో వంతు కాలుష్యం పోయిందని మనం అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకున్నాను. రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు, మనం అనుకున్నదాన్ని సరిదిద్దలేదు, అంతే.

ఈ లెక్కలోనే అమ్మ రెండో ప్రశ్న దాక్కుని ఉంది. వంద ఘనపు మీటర్లకు 3,600 బదులు 3,096 అంటే, ఘనపు మీటరుకు వచ్చే వేడి 14 శాతం తగ్గింది. మా ఇంటి బిల్లు ఎస్‌సీఎం లెక్కలో వస్తుంది. స్టాండర్డ్ క్యూబిక్ మీటర్ అని, ఫలానా ఉష్ణోగ్రతలో, ఫలానా పీడనంలో ఒక ఘనపు మీటరు. మీటరుకు తెలిసింది ఎంత గ్యాసు దాటిందన్నదే. అందులో ఎంత వేడి ఉందో దానికి తెలియదు.

అమ్మకు పాల లెక్కలో చెప్పాను. పాలవాడు లీటరు పోస్తాడు, మనం లీటరుకు డబ్బిస్తాం. ఒకరోజు ఆ లీటరులో అయిదో వంతు పలచటి మజ్జిగ కలిసిందనుకో. లీటరు లీటరే. కానీ పెరుగు తోడుకున్నప్పుడు తేడా తెలుస్తుంది. పాలకైతే లాక్టోమీటర్ ఉంది. గ్యాసుకూ అలాంటిది ఉంది, నగరం అంచున ప్రధాన గొట్టం నుంచి గ్యాసు దిగే స్టేషన్‌లో అది ఎంత వేడి ఇచ్చే గ్యాసో కొలవగలరు. కొలిచిన అంకె బిల్లు దాకా రావాలి, కష్టం అక్కడ. బ్రిటన్‌లో గ్యాసు బిల్లు ఘనపు మీటర్లతో మొదలై, గ్యాసులోని వేడి అంకెతో గుణించి, చివరికి కిలోవాట్ అవర్లుగా మారుతుంది. ఆ వేడి అంకెను బిల్లు మీదే అచ్చువేస్తారు. అక్కడ ఉదజని కలిపితే ఘనపు మీటర్లు పెరుగుతాయి గానీ కిలోవాట్ అవర్లు పెరగవు. ఘనపు మీటరుకు ఇంత అని ధర కట్టే చోట మాత్రం ధర సరిచెయ్యకుండా కలిపితే, అదే సాంబారు కాగడానికి వంద బదులు 116 ఘనపు మీటర్లకు డబ్బు కట్టాలి. ఉదజనే మీథేన్ కన్నా ఖరీదు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారన్నది మళ్లీ వేరే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది, ఇది చదివినప్పుడు నాకు భలే అనిపించింది. వేడి 14 శాతం తగ్గితే అన్నం అంత ఆలస్యంగా ఉడకాలి కదా? అట్లా జరగదు. బర్నర్‌లో చిన్న రంధ్రం గుండా గ్యాసు దూసుకొస్తుంది. గ్యాసు ఎంత తేలికైతే అంత వేగంగా వస్తుంది. ఉదజని కలిసిన గ్యాసు తేలిక కాబట్టి అదే పీడనంలో, అదే రంధ్రంలోంచి ఎక్కువ ఘనపరిమాణం వచ్చేస్తుంది. వేడి తక్కువైన లోటు చాలావరకు అక్కడే పూడిపోతుంది. రెండూ కలిపి లెక్కించే అంకెకు వాబీ సూచిక అని పేరు. 20 శాతం మిశ్రమానికి అది సుమారు 5 శాతం మాత్రమే పడిపోతుంది. అంటే వండేవాళ్లకు తేడా దాదాపు తెలియదు. కుక్కర్ కూతలు ఎప్పటిలాగే వస్తాయి. మీటరు మాత్రం కాస్త ఎక్కువ తిరుగుతుంది. పొయ్యి దగ్గర ఏమీ కనిపించని మార్పు మీటరు దగ్గర కనిపిస్తుందన్నమాట.

పేలుడు సంగతికి వద్దాం, అమ్మ అడిగింది ముందు అదే కదా. భయానికి కారణం లేకపోలేదు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. ఉదజని 4 నుంచి 75 శాతం దాకా ఎక్కడైనా అంటుకుంటుంది. మీథేన్‌ను అంటించడానికి కావలసిన నిప్పురవ్వలో పదో వంతు రవ్వ దీనికి చాలు. దీని మంట వేగం కూడా మీథేన్ కన్నా ఏడెనిమిది రెట్లు. వేగం ఎక్కువైతే వచ్చే ప్రమాదం ఏమిటంటే, గ్యాసు బయటికి వచ్చే వేగాన్ని మంట మించిపోయి, బర్నర్ రంధ్రంలోంచి వెనక్కి పాకుతుంది. హాంకాంగ్ పొయ్యిలు వేరుగా ఉండేది ఇందుకే.

కానీ ఇవన్నీ అచ్చమైన ఉదజని గుణాలు. 20 శాతం మిశ్రమం మీథేన్‌లాగే నడుచుకుంటుంది. రసాయన సమతాస్థితి పాఠంలో మనం విసుక్కునే లె షాటిలియేరే మిశ్రమాలు అంటుకునే హద్దులకు కూడా ఒక సూత్రం ఇచ్చాడు. దాంట్లో అంకెలు వేసి చూస్తే 5 నుంచి 15 అనే హద్దు 4.8 నుంచి 18 దగ్గరికి జరుగుతుంది. మంట వేగం పెరుగుతుంది గానీ రెట్లలో కాదు. యూరప్‌లో 1990ల నుంచి అమ్మే గ్యాసు పొయ్యిలను 23 శాతం ఉదజని కలిపిన పరీక్ష గ్యాసుతో మండించి, మంట వెనక్కి పాకడం లేదని చూశాకే ఆమోదిస్తారు. 20 అనే అంకెను ఎంచుకోవడానికి ఇదొక కారణం. మన దగ్గర వాడకంలో ఉన్న పొయ్యిల సంగతి అంత తేలిక కాదు. సిలిండర్ కోసం కొన్న స్టవ్‌కు జెట్ మార్చి పైపు గ్యాసుకు వాడుతున్న ఇళ్లు మనలో చాలామందివి, మాది కూడా అంతే. కీల్‌లో చేసినట్టు ఇంటింటికీ వచ్చి చూడకుండా ఇక్కడ కలపకూడదని నా అభిప్రాయం.

లీకైతే? ఉదజనికి వాసన లేదు, మీథేన్‌కూ లేదు. మనకు తెలిసిన ఆ కుళ్లు వాసన కావాలని కలిపే గంధక ద్రవ్యానిది. మిశ్రమంలో కూడా అది ఉంటుంది. ఇంకో సంగతి, సిలిండర్ గ్యాసు గాలికన్నా బరువు, నేల మీద పేరుకుంటుంది. సహజవాయువు తేలిక, పైకి పోతుంది. ఉదజని కలిస్తే ఇంకా త్వరగా పోతుంది. కాబట్టి పైపు గ్యాసున్న వంటింట్లో గాలి పోయే దారి పైన ఉండాలి. సిలిండర్ రోజుల్లో కింద పెట్టించుకున్న జాలీ ఒక్కటే సరిపోదు. ఉదజని కలిపినా కలపకపోయినా ఈ ఒక్కటి ఇంటికెళ్లి చూసుకోండి.

ఇంతవరకు పొయ్యి, మీటరు. వీటి వెనక గొట్టాలున్నాయి. వీధుల్లో తక్కువ పీడనంలో నడిచేవి చాలావరకు ప్లాస్టిక్ గొట్టాలు, వాటికి ఉదజనితో పెద్ద పేచీ లేదు. నగరం దాకా గ్యాసు మోసుకొచ్చే పెద్ద గొట్టాలు ఉక్కువి, లోపల పీడనం చాలా ఎక్కువ. ఉదజని అణువు విశ్వంలోకెల్లా చిన్నది. అది పరమాణువులుగా విడిపోయి ఉక్కు లోపలికి దూరుతుంది. కొన్ని రకాల ఉక్కు దానివల్ల పెళుసెక్కి, ఉన్న సన్నటి బీట పెద్దదవుతుంది. అందుకే ప్రయోగాలన్నీ గొట్టం చివర జరిగాయి, టౌన్‌షిప్, క్యాంపస్, ఊరి చివర ఒక వాడ. నగరం మొత్తానికి కలపాలంటే మన దగ్గర ఇంకో అడ్డం ఉంది, దీని గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. మన నగరాల్లో వంటింటికి గ్యాసు పంపే వ్యవస్థే సీఎన్‌జీ బంకులకూ పంపుతుంది. ఆటోల్లో, కార్లలో ఉండే సీఎన్‌జీ సిలిండర్లు గట్టి ఉక్కువి, వాటిలో పీడనం రెండు వందల బార్లు. అలాంటి ఉక్కు సిలిండర్లలో నింపే గ్యాసులో ఉదజని 2 శాతం దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం. అంటే వంటింటికి 20 శాతం పంపుతూ, అదే గొట్టం మీదున్న బంకులో ఆటోకు గ్యాసు పట్టించలేం. బంకుల గొట్టాలు వేరు చెయ్యాలి, లేదా బంకులు దాటాక మాత్రమే కలపాలి. ఇంగ్లండులో ఇంతమంది సీఎన్‌జీ ఆటోవాళ్లు లేరు. వాళ్ల నివేదికలు చదివి మనం నేర్చుకోలేనిది ఇదొకటి.

సరే, ఇవన్నీ సర్దుకోగల చిక్కులే అనుకుందాం. అప్పుడు కూడా, కష్టపడి తీసిన ఉదజనిని పొయ్యిలో కాల్చడం తగునా? గుర్తుంచుకోమన్న అంకె ఇక్కడ కావాలి. కిలో ఉదజనికి 52 యూనిట్ల కరెంటు పోశామనుకోండి. ఆ కిలోలో ఉండే వేడి 33 యూనిట్లు. మంచి పైపు గ్యాసు స్టవ్ మీద సగానికి కాస్త పైన గిన్నెకు చేరుతుంది, అంటే 18 యూనిట్లు. అదే 52 యూనిట్లను నేరుగా ఇండక్షన్ స్టవ్‌కు ఇస్తే 44 దాకా గిన్నెకు చేరుతుంది. రెండింతలకు పైమాటే. ఇండక్షన్ మీద పుల్కా పొంగదు, గుండ్రటి అడుగు మూకుడు నిలవదు, కరెంటు పోతే వంట ఆగుతుంది, ఇవన్నీ నిజమే. మా ఇంట్లో దానిమీద పాలు, టీ తప్ప ఏమీ కాదు. అయినా అన్ని యూనిట్లు గాలికి పోతుంటే లెక్క చెప్పకుండా ఉండలేం.

ఇంకో పక్క చూడండి. ఎరువుల ఫ్యాక్టరీలు, చమురు శుద్ధి కర్మాగారాలు ఇప్పటికే లక్షల టన్నుల ఉదజని వాడుతున్నాయి. దాన్ని ఎక్కడ నుంచి తీస్తారు? సహజవాయువు నుంచే! మీథేన్‌ను ఆవిరితో విరగ్గొట్టి ఉదజని తీస్తే కిలోకు దాదాపు 9 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. సౌరశక్తితో తీసిన కిలో ఉదజనిని ఆ ఫ్యాక్టరీకి ఇస్తే ఆ 9 కిలోలు ఆగుతాయి. వంటింటి గొట్టంలో కలిపితే ఆగేది 6.7 కిలోల దాకా. పైగా ఫ్యాక్టరీకి ఉదజని తప్ప దారి లేదు, యూరియాకు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు ఉదజని కావాలి. వంటకు వేరే దారులున్నాయి. ఒక చేత్తో మీథేన్‌ను విరిచి ఉదజని చేస్తూ, ఇంకో చేత్తో నీటిని విరిచి తీసిన ఉదజనిని మీథేన్‌లో పోసి తగలబెట్టడం నాకైతే వింతగా ఉంది. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తీయాలంటోంది. విశాఖ దగ్గర పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన ఎన్‌టీపీసీ కేంద్రం రోజుకు 1,500 టన్నులు తీసేలా తలపెట్టింది. అక్కడ ఉదజని ప్రధానంగా అమ్మోనియా, మిథనాల్ లాంటివిగా మారి ఓడలెక్కుతుంది. వంటింటికి రాదు. అది సబబే అనుకుంటాను.

అయితే గొట్టంలో కలపడమే తప్పా? అట్లా కూడా అనలేను. ఉదజని తీసే యంత్రం పెట్టేవాడికి మొదటి రోజు నుంచి కొనేవాడు కావాలి. ఎరువుల ఫ్యాక్టరీ పక్కన లేకపోతే, ఊళ్లో గ్యాసు గొట్టం ఉంటే, మధ్యాహ్నం ఎండకు ఎక్కువైపోయిన కరెంటుతో తీసిన ఉదజనిని అందులో వదలొచ్చు. కొత్త ట్యాంకు కట్టక్కర్లేదు. బ్రిటన్ ప్రభుత్వం 2023 డిసెంబరులో పంపిణీ గొట్టాల్లో 20 శాతం దాకా కలపడానికి సుముఖమని ప్రకటించింది, కానీ వేరే కొనుగోలుదారులు లేనప్పటి దారిగానే దాన్ని చూసింది. కవాస్ లాంటి చోట కలిపితే మన ఇంజనీర్లకు చెయ్యి తిరుగుతుంది, నిబంధనలు రాసేవాళ్లకు అంకెలు దొరుకుతాయి. దానికి టౌన్‌షిప్ చాలు. నగరం మొత్తానికి కలపడం మొదలుపెట్టాలంటే ముందు బిల్లు, బంకు, స్టవ్, ఈ మూడింటి సంగతి తేల్చాలి.

ఇళ్లవాళ్లను అడగడం సంగతి కూడా. ఇంగ్లండులోనే ఎల్స్‌మియర్ పోర్ట్ పక్కన విట్బీలో రెండు వేల ఇళ్ల దాకా ఏకంగా నూరు శాతం ఉదజనికి మార్చాలనుకున్నారు. అక్కడివాళ్లు ఎదురు తిరిగారు. మా ఇళ్లు ప్రయోగశాలలా అన్నారు. 2023 జూలైలో ఆ ఆలోచన మానుకోవాల్సి వచ్చింది. కీల్‌లో, విన్‌లేటన్‌లో అంత గొడవ రాలేదు. పొయ్యి మార్చక్కర్లేదు, మంట మారలేదు, ముందే ఇంటికొచ్చి చూసి వెళ్లారు, వాళ్ల బిల్లు వేడి లెక్కలో ఉంది.

ఇదంతా ఆదివారం మధ్యాహ్నం అమ్మకు చెప్పాను. పేలదని చెప్పిన భాగం ఊ కొడుతూ వింది. వాబీ సూచిక దగ్గర లేచి వెళ్లి పోపు పెట్టొచ్చింది. పాల లెక్క దగ్గర మాత్రం ఆపి, మళ్లీ చెప్పమంది. వందకు ఎంత తగ్గుతుందన్నావు అని అడిగింది. వంద కొంటే ఎనభై ఆరు కొన్నట్టు అన్నాను. బిల్లు తిప్పి వెనక పెన్సిల్‌తో "100 = 86" అని రాసుకుని, కరెంటు బిల్లుల కట్టలో పెట్టింది.